అబిగయీలు వచ్చింది, ప్రత్యూష వెళ్లింది

జూలై 21, సోమవారం

మా ఆయన రెండు నోటు పుస్తకాలు తెచ్చారు. ఒకటి నేను చెప్పదలచుకున్నవి రాసి అందరికీ చూపించడానికి. రెండోది ఎందుకని చేత్తో అడిగితే, "ఒకటి అయిపోతే ఇంకోటి ఉండాల గదా, నీ మాటలు నాకు తెలీవా" అన్నారు. ఆ రెండోదే ఇది. దీన్ని ఎవరికీ చూపించను.

శనివారం నెల్లూరు ఆసుపత్రిలో నా గొంతులో పెరిగిన చిన్న కండ తీసేశారు. దాన్ని పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి రెండు వారాలు పైనే పడుతుందట. ఆ రెండు వారాలూ ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలాడటం ఇంకా చెడ్డదట.

గూడూరులో ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా పీఈటీని. గ్రౌండుకు ఆ చివర నిలబడ్డ పిల్లకు ఈ చివర నుంచి విజిల్ లేకుండా వినిపించగలను. "మీరేం పని చేస్తారు?" అని డాక్టరమ్మ అడిగితే "అరవడం" అన్నాను. ఆవిడ నవ్వలేదు. గ్రౌండు దుమ్ము వల్ల గొంతు పోయిందని చెప్పాను. రాసుకున్నారు.

దేవునికి స్తోత్రం. నొప్పి పెద్దగా లేదు.

జూలై 22

నొప్పి ఉంది.

జూలై 23

పొద్దున్నే మాలకొండక్క వచ్చింది. చిన్నప్పుడు మేమిద్దరం జిల్లా హాకీ జట్టులో కలిసి ఆడాం. ఆమెది కోవూరు. గూడూరు కోడలై నిమ్మకాయల మార్కెట్లో కొట్టు పెట్టి ముప్పై ఏళ్లు దాటినా, పెన్నా లీగ్ మొదలైతే చాలు, మళ్లీ కోవూరు పిల్ల అయిపోతుంది. నేనేమో గూడూరు జట్టు మనిషిని. ప్రతి ఏడూ ఆ రెండు నెలలూ మా ఇద్దరికీ పడదు.

గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "మే ఆనందా, విన్నావా? మీ ప్రత్యూష మా కోవూరుకు వచ్చేసింది! బదులు మా అబిగయీల్ని మీకిచ్చినారు. రాత్రే సంతకాలు అయిపోయినాయంట."

నేను పెన్ను కోసం వెతుక్కున్నాను.

ప్రత్యూష గూడూరు జట్టు ఫార్వర్డ్. ఆరో తరగతిలో దాని చేతికి మొదటిసారి స్టిక్ ఇచ్చింది నేనే. పదకొండేళ్లు నేర్పాను. అబిగయీలు కోవూరు గోల్‌కీపర్. పోయిన ఏడాది ఆరు మ్యాచుల్లో ఆ పిల్ల మూడంటే మూడు గోల్స్ వదిలింది.

"మాకే లాభం. నువ్వేమంటావు?" అంది అక్క.

రాయడం మొదలుపెట్టాను. నేను సగం రాసేలోపు ఆమె మూడు మాటలు మాట్లాడేసింది. పుస్తకం చూపిస్తే కళ్లజోడు మార్కెట్లో మర్చిపోయానంది. చేతులు తిప్పాను. అర్థం కాలేదు. ఇద్దరికీ విసుగొచ్చింది.

"ఉండు మే, నువ్వేమంటావో నాకు తెలీదా? నేనే అంటాలే" అని లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నాలాగా గొంతు పెంచింది. "అక్కా! గోల్సు ఎన్ని వేస్తే ఏం లాభం, వదిలేదే గదా మా కొంప ముంచినాది!" మళ్లీ కూర్చుని తన గొంతుతో, "అట్నా? కొట్టేవాళ్లు లేకుంటే గోలీని పెట్టుకుని ఏం చేస్తారంట?" మళ్లీ లేచింది.

గంటసేపు ఇద్దరి తరఫునా ఆమే పోట్లాడింది. నా తరఫున మాట్లాడిన వాటిలో సగం నేను చచ్చినా అనను. అయినా తప్పుకోకుండా గట్టిగానే వాదించింది.

పరీక్ష సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో.

ప్రత్యూష నాకు చెప్పకుండా వెళ్లింది. ఆపరేషన్ అయిందని తెలిసి, ఇబ్బంది పెట్టకూడదని అనుకుని ఉంటుంది. నాకేం బాధ లేదు.

జూలై 25, శుక్రవారం

సాయంత్రం ఆయన నన్ను గ్రౌండు దగ్గర చిన్నపోలయ్య టీ కొట్టుకు తీసుకెళ్లారు. ఆయన రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటర్ గుమస్తా. హాకీకి, గోళీలాటకు తేడా తెలియని మనిషి. నేను ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే చూడలేక తెచ్చారు.

కొట్టు దగ్గర పదిమందికి పైగా ఉన్నారు. అందరిదీ ఒకటే మాట. ఈ మార్పిడిలో బాగుపడేది ఎవరు?

జిరాక్సు షాపు గిరిబాబు కాగితం మీద లెక్క తెచ్చాడు. "చూడండన్నా. పోయిన ఏడు మనం వేసింది పద్నాలుగు. వదిలింది పదమూడు. వాళ్లు వేసింది నాలుగు, వదిలింది మూడు. ఇప్పుడు వాళ్ల గోలీ మనకొచ్చింది. ఇంగ మనకు గోలు పడేదెట్టా?"

"పడదు, సరే. వేసేదెవరు?" అన్నాడు పోలయ్య టీ వడపోస్తూ. "పద్నాలుగులో తొమ్మిది ప్రత్యూషవే గదా. సున్నా సున్నా చూడ్డానికా ఇంతమంది ఎండలో నిలబడేది? నరేంద్రబాబుకు మతి పోయింది." నరేంద్రబాబు గూడూరు కోచ్. అదృష్టవశాత్తూ అక్కడ లేడు.

"ఫార్వర్డు తప్పు చేస్తే ఇంకో ఛాన్సు ఉంటాది. గోలీ తప్పు చేస్తే ఏముంటాది? అందుకే గోలీ ముఖ్యం" అన్నాడు గిరిబాబు.

"కాళ్లిచ్చి చేతులు తెచ్చుకున్నట్టుండాది. పరిగెత్తేది దేంతో?"

అందరూ నా వైపు తిరిగారు. "టీచరమ్మ చెప్పాల."

నేను పుస్తకం తీసేలోపే బెంచీ చివర కూర్చున్న మాలకొండక్క లేచి నిలబడింది. "టీచరమ్మ తరఫున నేను చెప్తా. మాకే లాభం, అంటే గూడూరుకే. ఎందుకంటే, ప్రత్యూష ముందరుంటే మిగతా పిల్లలంతా బాలు ఆమెకిచ్చి నిలబడి చూస్తా ఉన్నారు. ఇప్పుడు ఆ పిల్ల లేదు గాబట్టి ఒక్కొక్కరూ పరిగెత్తాల. నేర్చుకుంటారు."

పోలయ్య గ్లాసు కింద పెట్టాడు. గిరిబాబు కాగితం తిప్పి చూసుకున్నాడు.

నేను గబగబా రాశాను: "నేను ఇలా అనలేదు." గిరిబాబు పైకి చదివాడు.

"అనలేదులే. అనుంటే బాగుండేది" అంది అక్క.

కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను, శబ్దం లేకుండా. గొంతు మండింది. ఫరవాలేదు. ఈ ఊళ్లో ఇంతమంది నా అభిప్రాయం కోసం ఆగారు. చాలు.

అక్క అన్నది నిజమే కావచ్చు. పదకొండేళ్లలో నాకెందుకు తట్టలేదు?

జూలై 27, ఆదివారం

చర్చిలో అందరూ పాడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయన గొంతు మొదటిసారి విన్నాను. పెళ్లయిన పాతికేళ్లకు. నా పక్కనే నిలబడి నా గొంతు కింద ఇన్నాళ్లూ పాడుతూనే ఉన్నారు. శ్రుతి తప్పకుండా పాడతారు.

పాటలన్నీ అయ్యేదాకా కళ్లు మూసుకుని అది ఒక్కటే విన్నాను.

ప్రత్యూష రాలేదు.

జూలై 28

రాలేదు. రావాలని ఏమీ లేదు.

జూలై 30

ఎవరో తలుపు తడితే ప్రత్యూష అనుకున్నాను. అబిగయీలు.

తలుపుకు సరిపడా ఎత్తు. బొప్పాయి పండు తెచ్చింది. మెత్తగా ఉంటుంది, మింగడానికి సులువని వాళ్లమ్మ చెప్పిందట. ఇరవై ఏళ్ల పిల్ల, కుర్చీ అంచున కూర్చుంది.

"మేడమ్, అందరూ లాభమా నష్టమా అంటా ఉన్నారు. నన్ను తూకం వేసినట్టు ఉండాది. మాలకొండమ్మక్క చెప్పింది, మీరు నా తరఫున మాట్లాడినారంట గదా పోలయ్య కొట్టుకాడ. అందుకే థ్యాంక్స్ చెబుదామని."

నేను మాట్లాడలేదని ఎలా చెప్పను? "బాగా ఆడు" అని రాశాను.

పుస్తకం అందుకుని రెండుసార్లు చదివింది. వెళ్తూ వెళ్తూ అంది, "ప్రత్యూషక్కే అడిగిందంట మేడమ్, కోవూరుకు పోతానని. కోచ్ సార్ పంపింది కాదు. సంతకాల రోజు ఏడ్చింది. మీకు తెలిసే ఉంటాదిలే."

తల ఊపాను.

తెలియదు. తెలుసు.

దీని గురించి రేపు రాస్తాను.

జూలై 31

బొప్పాయి తియ్యగా ఉంది.

ఆగస్టు 2, శనివారం

పద్నాలుగు రోజులూ అయిపోయాయి. ఇవాళ్టి నుంచి నెమ్మదిగా మాట్లాడవచ్చు. పొద్దున్నే మంచం మీద కూర్చుని ఏం మాట్లాడాలా అని ఆలోచించాను. ఆయన కాఫీ ఇచ్చి ఎదురుగా నిలబడ్డారు. పరీక్ష రాసే పిల్లాడి తల్లిలా ఉంది మొహం.

"కాఫీ బాగుంది" అన్నాను.

గొంతు నాది కాదు. సన్నగా, గీసుకుపోయినట్టుంది. కానీ మాట వచ్చింది. ఆయన వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

స్తోత్రం. స్తోత్రం.

ఆగస్టు 3, ఆదివారం

లీగ్ మొదలైంది. మా గ్రౌండులో గూడూరుకు, మనుబోలుకు మ్యాచ్. ఒకటి సున్నా, మేం గెలిచాం. గోల్ కొట్టింది భానుప్రియ. పోయిన ఏడాదంతా ప్రత్యూషకు బంతులు అందించిన పిల్ల. అక్క నా వైపు చూసి కనుబొమలెగరేసింది.

అరవడానికి లేదు కనుక చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లూ నేను బంతినే చూశానని ఇవాళ తెలిసింది. బంతి అటువైపున్నప్పుడు అబిగయీలు ఏం చేస్తుందో చూశాను. ఒక్క క్షణం ఊరుకోదు. ఎడమకు రెండడుగులు, కుడికి ఒకటి, మోకాళ్లు వంచి, బంతి ఎటు పోతే అటు జరుగుతూనే ఉంటుంది. ఆఖరి నిమిషాల్లో మనుబోలు అమ్మాయి కొడితే ఎగిరి కూడా దూకలేదు. అప్పటికే అక్కడ ఉంది.

ఎల్లుండి నెల్లూరు వెళ్లాలి.

ఆగస్టు 5

చెడ్డ జబ్బు కాదు.

ఇంకోసారి రాస్తాను. చెడ్డ జబ్బు కాదు.

డాక్టరమ్మ మాటలు ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను. "ఇంకో ఏడాదో రెండేళ్లో వదిలేసి ఉంటే అయ్యేది. ఆ దారిలోనే ఉంది. మొత్తం తీసేశాం. మంచి టైముకు వచ్చారు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి. అప్పటిదాకా ఒక్కసారిగా పది నిమిషాలకు మించి మాట్లాడొద్దు. అరవడం మాత్రం ఇక లేదు."

"ఎన్నాళ్లు?" అన్నాను.

"ఎప్పటికీ."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. మనుబోలు దాటాక ఆయన అన్నారు, "ఆనందా, నీకొక మాట చెప్పాల. మేలో నిన్ను డాక్టరు దగ్గరకు పోదామని నేను పట్టుబట్టినాను గదా. అది నా అంతట నాకు తోచింది కాదు."

చూశాను.

"ప్రత్యూష వచ్చినాది. కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి వచ్చినాది. ఎక్కడికమ్మా టికెట్ అంటే, ఎక్కడికీ కాదు సార్, మేడమ్ గొంతు జనవరి నుంచి పోతా ఉండాది, నేను చెబితే కోపం వచ్చింది, మీరే చెప్పినట్టు చెప్పండి, నా పేరు తేవద్దండి, అనింది. వెనకాల జనం అరుస్తా ఉన్నారు. నువ్వు ఒప్పుకునే దాకా రోజు మార్చి రోజు వచ్చినాది. ఆరుసార్లు."

బయట పొలాలు వెనక్కి పోతున్నాయి. ఆయన చెయ్యి పట్టుకున్నాను. గూడూరు దాకా వదల్లేదు.

ఆగస్టు 6

ఇప్పుడు రాయాలి.

దుమ్ము వల్ల కాదు గొంతు పోయింది. మార్చిలో, జిల్లా పోటీల ఆఖరి మ్యాచ్ ఓడిపోయిన రోజు, ప్రత్యూష నా దగ్గరకు వచ్చింది. "మేడమ్, ముందు మీ గొంతు చూపించుకోండి. మూడు నెలలుగా ఇట్నే ఉండాది" అంది. నాకేం కాలేదన్నాను. తర్వాత ఇంకో సంగతి చెప్పింది. కోవూరులో ఒక స్కూల్లో దానికి పీఈటీ ఉద్యోగం ఇస్తారట. ఉద్యోగం అక్కడ, ఆట ఇక్కడ కుదరదు. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను మేడమ్, అంది.

జట్టంతా వింటుండగా అరిచాను. "గూడూరు దాటిన రోజు నేను నీకు మేడమ్‌ని కాదు, నాతో మాట్లాడొద్దు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. చివరి మాట దగ్గర గొంతు తెగినట్టయింది. ఆ రాత్రి మొత్తం మాట రాలేదు. మర్నాటి నుంచి దుమ్ము అన్నాను, అందరితో.

అది నేను చెప్పినట్టే చేసింది. మాట్లాడలేదు. మాట్లాడకుండానే లైన్లో నిలబడింది.

ఇన్నాళ్లూ, రాలేదు రాలేదు అని ఈ పుస్తకంలో రాసుకున్నాను.

ఆగస్టు 9, శనివారం

కోవూరు వెళ్లి వచ్చాను. తోడు వస్తానన్నారు ఆయన. వద్దన్నాను.

ప్రత్యూష పనిచేసే స్కూల్లో రెండో శనివారం సెలవైనా గ్రౌండులో పిల్లలున్నారు. గేటు దగ్గరకు వెళ్లకముందే గొంతు వినిపించింది. "మోకాళ్లొంచండే! స్టిక్ నేలకు ఆనించు! ఎన్నిసార్లు చెప్పాల!" నా మాటలే, నా విరుపులే. పెన్నా వంతెన దాటి ఇంత దూరం వచ్చి నా గొంతు నేనే విన్నట్టుంది.

అది నన్ను చూసి ఆగిపోయింది. పిల్లలు కూడా ఆగిపోయారు. దగ్గరకు వచ్చింది కానీ మూడడుగుల దూరంలో నిలబడింది.

ఏం అనాలో బస్సంతా అనుకుంటూ వచ్చాను. తీరా నోట్లోంచి వచ్చింది వేరు. "అట్లా అరవొద్దు. దగ్గరికి పిలిచి చెప్పు. విజిల్ కొనుక్కో."

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నా గొంతు విని. అది ఈ గొంతును మొదటిసారి వింటోంది.

"రిపోర్టు..." అంది.

"మంచిదే. చెడ్డ జబ్బు కాదు. నువ్వు లైన్లో నిలబడకపోతే అయ్యుండేది. సార్ చెప్పినారు."

"చెప్పొద్దన్నాను గదా!"

"ప్రత్యూషా. మార్చిలో నేనన్న మాట తప్పు. జట్టు ముందర అన్నాను. అందరి ముందరే తప్పని చెప్తా. అప్పుడు నేను ఊరి గురించి అరవలేదు. నువ్వు పోతే నాకెవరుంటారని అరిచినాను."

పిల్లలొకరిద్దరు బంతి కొట్టుకోవడం మొదలుపెట్టారు.

"అయితే ఇప్పుడు మేడమ్ అనొచ్చా?" అంది.

"అనకుంటే కొడతా."

నవ్వింది. ఏడ్చింది. పిల్లల్ని పిలిచి, "ఈ మేడమే నాకు నేర్పింది" అని చెప్పింది. ముప్పై మంది పిల్లలు నమస్కారం పెట్టారు. ఆరో తరగతి వాళ్లు. ఒక పిల్లకు స్టిక్ పట్టు తప్పుగా ఉంది. దగ్గరకు వెళ్లి వేళ్లు సర్దాను. మాట అవసరం పడలేదు.

ఆగస్టు 11

నరేంద్రబాబు ఫోన్ చేస్తే, ఈ ఆదివారం మ్యాచ్‌కు ముందు జట్టుతో రెండు మాటలు చెప్పాలి, పిల్లలందర్నీ ఉంచమన్నాను. ఎందుకని అడగలేదు. మంచివాడు.

ఆగస్టు 17, ఆదివారం

గూడూరు, కోవూరు మ్యాచ్. మా గ్రౌండులోనే.

ఆటకు ముందు రెండు జట్లనూ కూర్చోబెట్టి చెప్పాను. మార్చిలో ప్రత్యూషను మీ ముందర అన్న మాటలు తప్పు, క్షమించమని అడిగాను, మీ ముందర కూడా అడుగుతున్నాను, అని. అంతే. నా గొంతు వెనక వరసకు వినిపించలేదు. భానుప్రియ వెనక్కి తిరిగి వాళ్లకు చెప్పింది. అబిగయీలు చప్పట్లు మొదలుపెట్టింది. గోల్‌కీపర్ చేతి తొడుగులతో చప్పట్లు కొడితే పరుపులు దులిపినట్టుంటుంది. అందరూ నవ్వేశారు.

మ్యాచ్ ఒకటి ఒకటి. మొదట భానుప్రియ కొట్టింది. తర్వాత అరగంట కోవూరు పిల్లలు మా గోల్ ముందరే ఉన్నారు. అబిగయీలు ఒక్కటీ పోనివ్వలేదు. రెండుసార్లు ప్రత్యూష కొట్టిన బంతిని కాలితో ఆపింది. ఒకేచోట అన్నం తిని పెరిగిన పిల్లల్లా, ఒకరికి ఒకరు తెలిసినట్టే ఆడారు.

ఆఖర్లో ప్రత్యూష బంతి తీసుకుని ఒక్కతే లోపలికి వచ్చింది. ఎదురుగా అబిగయీలు తప్ప ఎవరూ లేరు. పదకొండేళ్లు నేను దానికి అరిచి చెప్పింది ఒకటే, నువ్వే కొట్టు, నువ్వే కొట్టు. నా పెదవులు కదిలాయి. అది కొట్టలేదు. పక్కకు చూడకుండానే కుడివైపుకు ఇచ్చింది. అక్కడ కోవూరు చిన్న పిల్ల ఒకతి ఖాళీగా ఉంది. గోల్.

అటువంటి పాస్ నేను నేర్పలేదు. అక్కడికి వెళ్లి నేర్చుకుంది.

మ్యాచ్ అయ్యాక పోలయ్య కొట్టు దగ్గర మళ్లీ మొదలైంది. ఎవరికి లాభం? గిరిబాబు కొత్త కాగితం తీశాడు. "టీచరమ్మా, ఇప్పుడు నోరొచ్చింది గదా, మీరే చెప్పండి."

"కోవూరుకే" అన్నాను. "ఆ పాస్ చూసినారా? ఆ పిల్ల ఇక్కడే ఉండుంటే ఎప్పటికీ తనే కొట్టుకునేది."

"ఏందీ!" అంది మాలకొండక్క గ్లాసు బల్ల మీద కొట్టి. "కోవూరుకా? మే, మన అబిగయీలు ఎన్ని ఆపినాదో చూసినావా? మన భానుప్రియ ఎట్టా పరిగెత్తినాదో చూసినావా? గూడూరుకే లాభం!"

"మనదా?" అన్నాడు పోలయ్య. "అక్కా, నువ్వు కోవూరు మనిషివి గదా?"

అక్క నాలుక కరుచుకుంది. తర్వాత అంది, "రెండు వారాలు ఈమె తరఫున అరిచి అరిచి అదే నోటికొస్తా ఉండాది. నేనేం చేసేది?"

బెంచీల మీద కూర్చున్న వాళ్లంతా విరగబడి నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. తర్వాత పోలయ్యను పక్కకు పిలిచి, పాస్ అంటే ఏమిటని అడిగారు.

నేను ఊరుకోలేదు. కోవూరు ఎందుకు బాగుపడిందో చెప్పడం మొదలుపెట్టాను. ప్రత్యూష ఒకచోట నిలబడకుండా ఎలా వెనక్కి వచ్చి బంతి తీసుకుంటోందో, చిన్నపిల్లల్ని ఎలా ఆడనిస్తోందో. నెమ్మదిగా, సన్నగా మాట్లాడుతున్నాను. వినడానికి వాళ్లే ముందుకు వంగారు. ఎప్పుడూ నేను మాట్లాడితే జనం కొంచెం వెనక్కి జరిగేవాళ్లు. ఇప్పుడు దగ్గరకు వస్తున్నారు.

ఎప్పుడు వచ్చిందో, ప్రత్యూష నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఉంది. మట్టి మోకాళ్లతో, చేతిలో టీ గ్లాసుతో. మధ్యలో తన ఫోన్ నా ముందు పెట్టి వేలితో చూపించింది.

"మేడమ్. పది నిమిషాలయింది. ఇంగ చాలు."

"ఒక్క మాట..."

"గమ్మునుండండి మేడమ్."

ఇరవై ఎనిమిదేళ్లలో ఒక విద్యార్థి నన్ను గమ్మునుండమనడం ఇదే మొదటిసారి. కొట్టంతా నా వైపు తిరిగింది, ఏమంటానో అని.

గమ్మునున్నాను. ప్రత్యూష టీ గ్లాసు నా చేతికిచ్చి, నేను ఎక్కడ ఆపానో అక్కడి నుంచి తను అందుకుంది.